పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ మొరాయిస్తుంటే: ఫార్మాట్ కొట్టించే ముందు చూడాల్సినవి

పెన్‌డ్రైవ్ గుచ్చితే ‘టిడింగ్’ మని చప్పుడొస్తుంది, రెండు క్షణాల్లో మళ్లీ ‘టిడింగ్’ మని పోతుంది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌కి లైటు వెలుగుతుంది, లోపల టిక్కుటిక్కు మంటుంది, మై కంప్యూటర్‌లో మాత్రం కనపడదు. ప్రింటర్ పొద్దున బాగానే ప్రింట్లు తీసి, మధ్యాహ్నానికి ఆఫ్‌లైన్ అంటుంది. 2003 నుంచి 2012 దాకా కొన్న డెస్క్‌టాపులు ఇప్పటికీ నడుస్తున్న ఇళ్లల్లో, జిరాక్సు షాపుల్లో, స్కూలు ఆఫీసుల్లో ఇవి రోజువారీ బాధలే. వీటన్నిటికీ మనవాళ్లు వేసే మందు ఒకటే, విండోస్ ఫార్మాట్. డబ్బులిచ్చి, సగం రోజు పోగొట్టుకుని, తీరా పెన్‌డ్రైవ్ పెడితే మళ్లీ అదే టిడింగ్.

పాత మెషీన్లలో యూఎస్‌బీ గొడవకు అసలు కారణం చాలాసార్లు డ్రైవర్ (పరికరంతో విండోస్ మాట్లాడటానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) దగ్గర ఉండదు. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి పనికొచ్చే తక్కువ వోల్టులుగా మార్చే డబ్బా) నుంచి పరికరం దాకా వచ్చే దారిలో ఎక్కడో 5 వోల్టులు తగ్గిపోతుంటాయి. కాబట్టి ముందు కరెంటు, తర్వాత కేబుల్, పోర్టు, ఆ తర్వాతే విండోస్. ఈ వరస తప్పకండి.

ముందు ఈ నాలుగు లెక్కలు

యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపుల దాకా ఇవ్వాలి, అంటే రెండున్నర వాట్లు. నీలం రంగు 3.0 పోర్టయితే 900 మిల్లీఆంపులు. పెట్టీ పెట్టగానే ఇంత తీసుకునే హక్కు 2.0 పరికరానికి లేదు. మొదట 100 మిల్లీఆంపుల లోపు వాడుకుంటూ తానెవరో, ఎంత కావాలో చెప్పుకోవాలి, కంప్యూటర్ సరేనన్నాకే మిగతాది. ఆ పరిచయం జరిగేటప్పుడే వోల్టేజీ ఊగితే విండోస్ ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అంటుంది. పరికరం తన పేరు కూడా చెప్పుకోలేకపోయిందని దానర్థం.

సొంత అడాప్టర్ లేని నాలుగు పోర్టుల హబ్ (ఒక పోర్టుని నాలుగుగా పంచే డబ్బా) తనకొచ్చిన 500లోంచే పంచాలి, ఒక్కో పోర్టుకు నిబంధన ప్రకారం దక్కేది 100. మౌసుకీ కీబోర్డుకీ అది చాలు. రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్క్ మోటార్ తిరగడం మొదలెట్టిన క్షణంలో ఒక ఆంపు దాకా లాగగలదు. ఆ టిక్కుటిక్కు శబ్దం అదే: మోటార్ లేవబోతోంది, కరెంటు చాలక పడిపోతోంది, మళ్లీ లేవబోతోంది. అలా వదిలేయకుండా వెంటనే పీకేయండి, డిస్క్ పాడవుతుంది.

ఇక్కడే ఒక ప్రశ్న వేసుకోండి: మొరాయిస్తున్న పరికరానికి సొంత పవర్ ఉందా? ప్రింటర్, పెద్ద స్కానర్ గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటాయి. వాటికి యూఎస్‌బీ 5 వోల్టులతో పెద్దగా పని లేదు. అవి మొరాయిస్తే కేబుల్, ఎర్తింగ్ వైపు చూడాలి. పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్, వేలిముద్ర స్కానర్, వెబ్‌క్యామ్ లాంటివి పోర్టు మీదే బతుకుతాయి కాబట్టి వాటికి ముందు కరెంటు వైపు చూడాలి.

మొదటి మెట్టు: నిజంగా ఆపండి

షట్‌డౌన్ కొడితే ఆగిపోయినట్టు కాదు. విండోస్ 8, 10లలో ఫాస్ట్ స్టార్టప్ వల్ల డ్రైవర్ల స్థితి అలాగే దాచిపెట్టుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు పాత తప్పుతో సహా లేపుతుంది. పైగా చాలా బోర్డుల్లో మెషీన్ ఆపినా యూఎస్‌బీకి స్టాండ్‌బై 5 వోల్టులు వెళ్తూనే ఉంటాయి. ఆపేశాక కూడా మౌస్ ఎర్రలైటు వెలుగుతుంటే కారణం ఇదే.

యూఎస్‌బీ తీగలన్నీ పీకి, ఎస్‌ఎంపీఎస్ వెనక ఉన్న పవర్ కేబుల్ ఊడదీసి, క్యాబినెట్ పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఓ పది నిమిషాలు అలా వదిలేయండి. ఈ పది నిమిషాలు ఊరికే కాదు. మదర్‌బోర్డు మీద పోర్టుల పక్కన, ఆకుపచ్చగానో పసుపుగానో, చిన్న పాలీఫ్యూజులు ఉంటాయి. ఎక్కువ కరెంటు లాగితే అవి వేడెక్కి దారి మూసేస్తాయి, కరెంటు పూర్తిగా తీసేసి చల్లారనిస్తే మళ్లీ తెరుచుకుంటాయి. ‘పోర్టు చచ్చిపోయింది’ అనుకున్నవి కొన్ని ఈ ఒక్క పనితోనే లేస్తాయి. లేచి మళ్లీ పడుకుంటే మాత్రం ఏదో పరికరమో వంగిన పిన్నో షార్ట్ చేస్తోందని అర్థం.

రెండో మెట్టు: ఒక్కొక్కటే మార్చండి

కీబోర్డు, మౌస్ తప్ప అన్నీ పీకేసి, గొడవ చేస్తున్నదాన్ని వెనక పోర్టులో నేరుగా పెట్టండి. వెనక పోర్టులు మదర్‌బోర్డుకే అతికి ఉంటాయి. ముందువి లోపల అరమీటరు సన్నటి తీగ దాటి రావాలి. వెనక పనిచేసి ముందు పనిచేయకపోతే సగం రోగం తెలిసిపోయినట్టే.

ఒంటరిగా పెడితే పనిచేసి, మిగతావన్నీ తగిలించాక ఆగిపోతే అది పంపకం సమస్య. జిరాక్సు షాపుల్లో ఇది మరీ ఎక్కువ: వేలిముద్ర స్కానర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, వెబ్‌క్యామ్, నెట్ డాంగిల్, నాలుగూ ఒకే చవక హబ్ మీద వేలాడుతుంటాయి. నెట్ డాంగిల్ సిగ్నల్ కోసం గట్టిగా లాగినప్పుడు స్కానర్ పోతుంది. షాపాయన స్కానర్ సర్వీసుకి ఫోన్ చేస్తాడు, దానికేమో ఏ రోగమూ లేదు.

ఎవరెంత అడుగుతున్నారో విండోసే చెబుతుంది. డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా చూపే చోటు) యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ కింద ఒక్కో ‘యూఎస్‌బీ రూట్ హబ్’ మీద రెండుసార్లు నొక్కి ‘పవర్’ ట్యాబ్ చూడండి. ఎక్స్‌పీలో, విండోస్ 7లో ఇది తప్పక ఉంటుంది. పరికరం పేరు, పక్కన మిల్లీఆంపులు. అయితే అది పరికరం అడిగిన అంకె, నిజంగా లాగుతున్నది కాదు. 500 అడిగి 800 లాగే హార్డ్‌డిస్కులు లేకపోలేదు.

పంపకం సమస్యకు సరైన మందు సొంత అడాప్టర్ ఉన్న హబ్. 5 వోల్టులు, కనీసం 2 ఆంపుల అడాప్టర్‌తో వచ్చేది తీసుకోండి. డబ్బాలో అడాప్టర్ లేకుండా పక్కన గుండ్రటి రంధ్రం మాత్రం ఉన్నవి కొని, ఇంట్లో పడున్న ఏ అడాప్టరో గుచ్చితే, అది 9 లేదా 12 వోల్టులదైతే హబ్‌తో పాటు దాని మీదున్నవన్నీ పోతాయి. హార్డ్‌డిస్క్‌కు రెండు తలల వై కేబుల్ కూడా పనిచేస్తుంది. కాకపోతే రెండు తలలూ వెనక పోర్టుల్లోనే పెట్టాలి.

మూడో మెట్టు: కేబుల్ మీది అక్షరాలు చదవండి

అన్నిటికంటే తక్కువగా చూసేది, ఎక్కువగా ఫలితమిచ్చేది ఇదే. కేబుల్‌ని వెలుతురులో తిప్పి చూస్తే తొడుగు మీద సన్నటి అక్షరాలు కనిపిస్తాయి: ‘28 ఏడబ్ల్యూజీ 1పీ, 24 ఏడబ్ల్యూజీ 2సీ’ లాంటివి. ఏడబ్ల్యూజీ అంటే తీగ మందం చెప్పే గేజ్. మొదటిది డేటా జత, రెండోది కరెంటు మోసే ఎరుపు, నలుపు తీగలు. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది.

కరెంటు తీగలు కూడా 28 గేజ్‌వే అనుకోండి. ఆ రాగి తీగకు మీటరుకు సుమారు 0.21 ఓముల నిరోధం. రెండు మీటర్ల కేబుల్లో కరెంటు వెళ్లి రావాలి కాబట్టి నాలుగు మీటర్లు, అంటే 0.85 ఓములు. అర ఆంపు లాగితే దారిలోనే 0.4 వోల్టులకు పైగా పోతుంది. పోర్టు దగ్గర 4.9 ఉన్నా పరికరానికి చేరేది 4.5. కాలువ మొదట్లో నిండుగా పారినా చివరి ఆయకట్టుకు నీరందనట్టే. అదే కరెంటు తీగలు 24 గేజ్‌వైతే పోయేది 0.17 వోల్టులే. కేబుల్ కొనేటప్పుడు రంగు, బ్రాండు కన్నా ఈ అంకె చూడండి. అక్షరాలే లేని కేబుల్‌ని సన్నతీగగానే లెక్కేయండి.

ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు వద్దు. యూఎస్‌బీ 2.0కి కేబుల్ పొడవు హద్దు 5 మీటర్లు. పక్కగదిలో ప్రింటర్ కోసం రెండు ఎక్స్‌టెన్షన్లు ముడేసిన చోట ప్రింటర్ ఆఫ్‌లైన్ అనడంలో వింతేముంది.

పోర్టు లోపల కూడా టార్చి వేసి చూడండి. నల్లటో తెల్లటో ప్లాస్టిక్ నాలిక మీద నాలుగు ఇత్తడి పట్టీలు సమానంగా ఉండాలి. ఒకటి పైకి లేచినా, పక్కదాన్ని తాకినా ఆ పోర్టుని ఇక వాడొద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలికి ఈ పట్టీలు నల్లబడతాయి. మెషీన్‌కి పవర్ కేబుల్ తీసేసి, మెత్తటి బ్రష్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. గుండుసూదితో గీకడం, పెట్రోలు వేయడం లాంటివి చేయకండి.

నాలుగో మెట్టు: కొలవండి

ఇన్‌లైన్ యూఎస్‌బీ మీటర్ దొరికితే మంచిది, పోర్టుకీ పరికరానికీ మధ్య పెడితే వోల్టులు, ఆంపులు చూపిస్తుంది. అది లేకపోతే మామూలు మల్టీమీటర్ చాలు. పోర్టులోకి ప్రోబులు దూర్చొద్దు, షార్ట్ అవుతుంది. వాడకం లేని పొట్టి కేబుల్ ఒకటి తీసుకుని, పరికరం వైపు తల కోసేయండి. ఎరుపు, నలుపు తీగల చివర్లు ఒలిచి, ఆకుపచ్చ, తెలుపు తీగలకు విడివిడిగా టేపు చుట్టండి. చవక కేబుళ్లలో రంగులు మారుతుంటాయి కాబట్టి పోర్టులో పెట్టే ముందే మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (ఏ తీగ ఏ పిన్నుకి కలిసిందో) చూసి నిర్ధారించుకోండి.

ఖాళీగా కొలిస్తే దాదాపు ప్రతి పోర్టూ 5 చూపిస్తుంది. అందుకే లోడు పెట్టి కొలవాలి. 10 ఓములు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి ఎరుపు, నలుపుల మధ్య కలిపితే సరిగ్గా అర ఆంపు లాగుతుంది. ఇది తెల్లటి పింగాణీ దిమ్మలా ఉండి ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంది. కాలుతుంది, చేత్తో పట్టుకోకండి, అరనిమిషం చాలు. లోడుతో 4.75 పైన ఉంటే పోర్టు ఆరోగ్యంగా ఉంది. 4.5కి జారితే హార్డ్‌డిస్క్ నడవదు. సున్నాకి పడిపోతే పాలీఫ్యూజ్ పని అయిపోయింది.

అన్ని పోర్టుల్లోనూ తక్కువే వస్తుంటే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి. మెషీన్ నడుస్తుండగా లోపల ఖాళీగా వేలాడే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో ఎరుపు, నలుపుల మధ్య కొలవండి. ఉండాల్సింది 4.75 నుంచి 5.25. పసుపు తీగ 12 వోల్టులది, కలగాపులగం చేసుకోకండి. ఎరుపు తీగ దగ్గరే 4.7 వస్తే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. దాన్ని మాత్రం విప్పొద్దు. లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే నిలవ ఉంటుంది, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కాసేపు.

మోలెక్స్‌లో బాగుండి పోర్టులో తక్కువైతే మదర్‌బోర్డు మీద కన్నేయండి. గుండ్రటి కెపాసిటర్ల నెత్తి చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. 2000ల తొలి సంవత్సరాల బోర్డుల్లో ఇది మామూలే. సోల్డరింగ్ తెలిసిన రిపేరతను వాటిని మార్చగలడు.

ఐదో మెట్టు: ఎర్తింగ్

క్యాబినెట్ వెనక స్క్రూ మీద చెయ్యి పడితే జిల్లుమంటోందా? టెస్టర్ పెడితే లైటు వెలుగుతోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్, న్యూట్రల్ రెంటి నుంచీ చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ బాడీ 230లో సగం దగ్గర తేలుతుంది. ఆంపులు అతి స్వల్పం కాబట్టి మనిషికి జిల్లు మాత్రమే. వేరే సాకెట్‌లో ఉన్న ప్రింటర్ తీగని కంప్యూటర్‌కి గుచ్చినప్పుడు మాత్రం ఆ తేడా అంతా ఒక్క క్షణంలో యూఎస్‌బీ తీగ గుండానే సర్దుకుంటుంది. ప్రింటర్ ‘అప్పుడప్పుడూ’ పోవడానికీ, పోర్టులు ఒక్కొక్కటే చచ్చిపోవడానికీ ఇది పెద్ద కారణం.

చేయాల్సింది: కంప్యూటర్, మానిటర్, ప్రింటర్ మూడూ ఒకే స్పైక్ బోర్డు మీద, మూడు పిన్నుల ప్లగ్గులతో పెట్టండి. మూడో పిన్ను విరిచేసిన ప్లగ్గులు, రెండు పిన్నుల కన్వర్టర్లు తీసేయండి. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ చూపించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు ఒకే వోల్టేజీ రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యి ఎండిపోతే ఎర్తింగ్ పలచబడుతుంది. అందుకే పెద్దవాళ్లు అందులో నీళ్లు పోయమనేది.

ఆరో మెట్టు: ముందు పోర్టులు

పాత క్యాబినెట్లలో ముందు పోర్టుల తీగలు బోర్డు మీద తొమ్మిది పిన్నుల హెడర్‌కి (నిలబడి ఉన్న పిన్నుల గుంపుకి) కలుస్తాయి. అది లూజై ఉంటే గట్టిగా నొక్కితే సరి. ప్రమాదం రెండు చోట్ల. కొన్ని చవక క్యాబినెట్లలో కనెక్టర్ ఒకటే ముక్కగా ఉండదు, ఒక్కో తీగకి ఒక్కో నల్లటి గొట్టం. అవి ఒక గడి పక్కకి జరిగితే పెట్టిన పెన్‌డ్రైవల్లా కాలిపోతుంది. రెండోది, ఆ కాలపు కొన్ని బోర్డుల్లో అచ్చం అలాంటి ఆకారంలోనే ఫైర్‌వైర్ (యూఎస్‌బీ కాని మరో రకం కనెక్షన్) హెడర్ ఉంటుంది. అందులో 12 వోల్టులు. బోర్డు మీద అచ్చేసిన పేరు చదవకుండా తగిలించొద్దు.

ఇంటెల్ 865 చిప్‌సెట్ తరం, అంటే 2003 నాటి బోర్డులు మీ దగ్గరుంటే ముందు పోర్టులు అసలు వాడకపోవడమే మంచిది. స్టాటిక్ దెబ్బకి ముందు పోర్టు గుండా, యూఎస్‌బీని నడిపే సౌత్‌బ్రిడ్జ్ చిప్ కాలిపోవడం ఆ తరంలో రిపేరువాళ్లందరికీ తెలిసిన కథ.

ఏడో మెట్టు: బయాస్, బటన్ సెల్

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. మార్చండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ కొట్టి, యూఎస్‌బీ కంట్రోలర్ ఎనేబుల్‌లో, 2.0 మోడ్ ‘హై స్పీడ్’లో ఉన్నాయో చూడండి. ‘ఫుల్ స్పీడ్’ అంటే వినడానికి గొప్పగా ఉన్నా అది సెకనుకు 12 మెగాబిట్లే. హై స్పీడే 480. ‘లెగసీ యూఎస్‌బీ సపోర్ట్’ విండోస్ మొదలవకముందు కీబోర్డు పనిచేయడానికి, దాన్ని ఆన్‌లోనే ఉంచండి.

ఎనిమిదో మెట్టు: ఇప్పుడు విండోస్

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నదాని మీద నొక్కి కోడ్ చూడండి. 28 అయితే డ్రైవర్ లేదు, తెచ్చి ఎక్కించండి. 43 అయితే, పై మెట్లన్నీ నిజంగా చేశారో లేదో మళ్లీ చూసుకోండి. అది చాలాసార్లు తీగ, కరెంటు రోగమే.

రూట్ హబ్‌లు ఒక్కొక్కటీ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ‘పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అన్న అర్థంలో ఉన్న టిక్కు తీసేయండి. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా డిజేబుల్ చేయండి. కాసేపు వదిలేస్తే పోయే ప్రింటర్లకు ఇది పనిచేస్తుంది.

కంట్రోలర్లన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ వాటిని కొత్తగా గుర్తిస్తుంది. మంచి చిట్కానే, కానీ మధ్యలో యూఎస్‌బీ మౌస్, కీబోర్డు ఆగిపోతాయి. ఊదారంగు గుండ్రటి పిన్ను ఉన్న పాత పీఎస్2 కీబోర్డు ఒకటి దగ్గరుంచుకుని మొదలెట్టండి.

ఇంకో పరీక్ష చాలామందికి తెలియదు. కంట్రోలర్ల జాబితాలో ‘ఎన్‌హాన్స్‌డ్’ అన్నదాన్ని తాత్కాలికంగా డిజేబుల్ చేస్తే అన్నీ నెమ్మది వేగానికి దిగుతాయి. అప్పుడు పరికరం నిలకడగా పనిచేస్తే డ్రైవర్ బాగానే ఉంది, ఎక్కువ వేగానికి తీగో పోర్టో తట్టుకోవడం లేదు. జాబితాలో ‘యూనివర్సల్’ లేదా ‘ఓపెన్’ అన్న హోస్ట్ కంట్రోలర్లు కూడా ఉంటేనే ఇది చేయండి. లేని బోర్డుల్లో మొత్తం యూఎస్‌బీ ఆగిపోతుంది.

పరికరం పేరు వచ్చి డ్రైవ్ మాత్రం రాకపోతే అది వేరే సంగతి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ అక్షరం (ఈ, ఎఫ్ లాంటిది) కేటాయించి చూడండి. ఎక్స్‌పీకి అప్‌డేట్ లేకుండా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్ చదవడం రాదు, అసలు 2.0 వేగమే సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. విండోస్ 7కి నీలం పోర్టుల డ్రైవర్ విడిగా ఎక్కించాలి.

తొమ్మిదో మెట్టు: తేల్చే పరీక్ష

ఏదైనా లినక్స్ లైవ్ డీవీడీ (విండోస్‌ని ముట్టుకోకుండా డీవీడీ నుంచే నడిచే వేరే ఆపరేటింగ్ సిస్టం) వేసి బూట్ చేయండి. యూఎస్‌బీనే అనుమానిస్తున్నప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడంలో అర్థం లేదు. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అదే పరికరం, అదే కేబుల్, అదే పోర్టు పెట్టి ఒక పెద్ద ఫైలు కాపీ చేయండి. కెర్నెల్ లాగ్‌లో (లినక్స్ తన లోపలి సంగతులు రాసుకునే చిట్టాలో) ‘ఓవర్ కరెంట్’ అని వస్తే షార్ట్ లేదా ఎక్కువ లోడు. మైనస్ 71 ఎర్రర్ వస్తే ముందు కేబుల్ మార్చండి. మైనస్ 110 వస్తే పరికరం జవాబివ్వడం లేదు, మళ్లీ కరెంటు లెక్కకి వెళ్లండి. ఏ గొడవా లేకుండా ఫైలంతా కాపీ అయితే హార్డ్‌వేర్ బాగుంది, తప్పు విండోస్‌దే. ఫార్మాట్ కొట్టించాలంటే అప్పుడు కొట్టించండి.

పోర్టులే పోయాయని తేలితే

బోర్డు మార్చక్కర్లేదు. తెల్లటి పొడుగు పీసీఐ స్లాటుంటే 2.0 కార్డు, చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటుంటే 3.0 కార్డు వేసుకోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట రెండూ అడిగి చూడండి. 3.0 కార్డయితే మోలెక్స్ లేదా సాటా పవర్ సాకెట్ ఉన్నదే తీసుకుని, ఎస్‌ఎంపీఎస్ తీగ తప్పకుండా తగిలించండి. అది మరిచి ‘కొత్త కార్డు కూడా పనిచేయట్లేదు’ అనేవాళ్లు చాలామంది. కొనేముందు మీ విండోస్‌కి డ్రైవర్ ఉందో లేదో డబ్బా మీద చూసుకోండి, ఎక్స్‌పీ అయితే మరీ ముఖ్యం.

కీబోర్డు మాత్రం కార్డు మీద పెట్టకండి. పాత బయాస్ చాలాసార్లు కార్డుని గుర్తించదు, సెటప్‌లోకి వెళ్లాల్సినప్పుడు ఏ మీటా పలకదు. దాన్ని పీఎస్2లోనో, బోర్డు మీద ఇంకా బతికున్న పోర్టులోనో ఉంచి, చచ్చిన పోర్టుల మీద టేపు అతికించేయండి, ఎవరూ పొరపాటున పెన్‌డ్రైవ్ గుచ్చకుండా.